గొంగళితాత దిబ్బ మీద గచ్చు

గచ్చు మీద వేలు దూరేంత పగులు కనిపించిన రోజున కంబగిరి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పిడికెడు సున్నం తడిపి, బొటనవేలితో పగుల్లోకి నొక్కి, పైన నున్నగా దిద్ది, చేతులు కడుక్కుని తన పనిలో పడ్డాడు. మూడో రోజుకు ఆ సున్నం లోపలికి కుంగిపోయింది. వేలు దూరిన చోట ఇప్పుడు చెయ్యి దూరుతోంది.

మణికట్టు దాకా చెయ్యి పెట్టి చూశాడు. మన్ను తగల్లేదు. చల్లటి గాలి తగిలింది.

గొంగళితాత సమాధి లోపల గుల్లయిపోయింది. గచ్చు ఒక్కటే పైన డొప్పలాగా నిలబడి ఉంది. ఆ గచ్చు వేసినవాడు కంబగిరే.

సుద్దవంక మఠం అంటే పెద్ద కట్టడమేమీ కాదు. ఒక పూరిల్లు, ఒక వేపచెట్టు, ఆ వెనక నడుమెత్తు మన్నుదిబ్బ. అక్కడికి కొద్ది దూరంలోనే నేల తెగిపోతుంది. పడమటి కొండల మీద కురిసిన వాన ఆ మెత్తటి నేలను ఎన్ని తరాలుగా కోస్తూ ఉందో ఎవరికీ తెలియదు. తెగిన చోట నిలబడి చూస్తే కింద మొనదేలిన దిబ్బలు, వాటి నడుమ మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని సందులు, గోడల నిండా ఎరుపు, తెలుపు, పసుపు చారలు. గడ్డి మొలవదు. గొడ్లు దిగవు. మేకలు మాత్రం దిగుతాయి, వాటికి ఎక్కడైనా ఒకటే. ఆ మొత్తాన్నీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సుద్దవంక అంటారు.

గొంగళితాత ఒకప్పుడు గొర్రెలు కాచినవాడు. తర్వాత దేవుణ్ణి తలుచుకుంటూ ఊళ్ళు తిరిగాడు. ఏ ఊళ్ళో ఒరిగాడో కూడా సరిగ్గా తెలియలేదు. ఆయన గొంగళి ఒక్కటే ఎవరో తెచ్చి ఇస్తే, శిష్యురాలు సిద్ధమ్మ దాన్ని వేపచెట్టు వెనక పూడ్చిపెట్టింది. మరుసటి ఏడు కార్తీకంలో మొదటి సోమవారం ఆరాధన పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళు పూలు తేలేదు. కరువు ఏడు, పూలెక్కడివి. తలా పిడికెడు తమ చేని మన్ను తెచ్చి పోశారు. అదే ఆచారమై నిలిచిపోయింది. ఎవరి చోటు వాళ్ళది. ఏటేటా అదే చోట పోస్తారు. అందరూ పోశాక సిద్ధమ్మ ఎర్రమన్ను కలిపిన నీళ్ళు చల్లి, రెండు చేతులతో మెల్లగా తట్టి నున్నగా చేస్తుంది. అలా పెరిగిందే ఆ దిబ్బ.

కంబగిరి తరతరాలుగా చెరువుకట్టలు వేసే ఇంట్లో పుట్టాడు. మన్ను చూస్తే దాని గుణం చెప్పగలడు. అతని తండ్రి పుల్లన్న ముప్పై ఏళ్ళకు పైగా చౌడుపల్లె నుంచి నడిచి వచ్చి, తన పిడికెడు తెల్లటి చౌడుమన్ను దిబ్బకు తూర్పువైపు పోసి వెళ్ళేవాడు. ఆయన పోయిన ఏడాదికి కంబగిరి పనులన్నీ తమ్ముడికి అప్పగించి మఠంలో చేరాడు. దీపం పెట్టడం, నీళ్ళు తేవడం, దిబ్బను చూసుకోవడం అతని వంతు.

ఒక వానాకాలం వంక అంచు ఒక్క ఏడాదిలో నాలుగు బారలు ముందుకొచ్చింది. కంబగిరికి నిద్ర పట్టలేదు. వంకలో అక్కడక్కడా మన్నుస్తంభాలు నిలబడి ఉంటాయి. చుట్టూ అంతా కొట్టుకుపోయినా అవి నిలిచాయంటే, వాటి నెత్తిన ఒక్కో బండరాయి ఉంటుంది. వాన ఆ రాయి మీద పడుతుంది, కింది మన్ను మీద పడదు. అది చూసి అతనికి ఆలోచన పుట్టింది. తాత నెత్తిన కూడా ఒక రాయి ఉండాలి. సున్నం, ఇసుక, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి గానుగ పట్టించి, దిబ్బ మొత్తానికీ వేలెడు మందాన గచ్చు వేశాడు. రాయితో రుద్ది అద్దంలా చేశాడు.

"నూరేండ్లు చెక్కు చెదరదు అవ్వా," అన్నాడు అప్పుడు.

"నీ చేత్తో చెయ్యాలనిపించింది, చేసినావు," అంది సిద్ధమ్మ. బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు.

ఆ తర్వాత వచ్చిన మూడు ఆరాధనలకూ జనం పిడికిళ్ళు గచ్చు మీదే పోశారు. అందరూ వెళ్ళాక గచ్చు మాసిపోతుందని కంబగిరి చీపురు పట్టి ఊడ్చి, ఆ మన్నంతా తీసుకెళ్ళి వంకలో పోసేవాడు. సిద్ధమ్మ అరుగు మీద కూర్చుని చూసేది.

ఇప్పుడు ఆరాధనకు నలభై రోజులు కూడా లేవు. పెద్దవానలు ఇంకా పడలేదు. వంక అంచు దిబ్బకు మూడు బారల దూరంలో ఉంది.

చెయ్యి బయటికి తీసుకుని, మట్టి దులుపుకుని, కంబగిరి సిద్ధమ్మ దగ్గరికి వచ్చాడు. ఆమె చేటలో కొర్రలు చెరుగుతోంది.

"వంక మీదికొస్తాండాది అవ్వా."

"ఏ పొద్దు రాకుండా ఉండాది?"

"ఈసారి పెద్దవాన పడితే తాత దిబ్బ నిలబడదు. నీళ్ళు వంకలోకి దిగే చోట రాతికట్ట వేసి, తూర్పుకు తిప్పేస్తాను. సగం వేసినాను కూడా."

"సగం వేసినాక అడుగుతాండావా?"

కంబగిరి తల వంచుకున్నాడు.

"తూర్పున ఏముండాది నాయనా?"

"సుంకమ్మ చేను. రెండెకరాలు."

"నీళ్ళు తిరిగితే ఆ చేను ఏమవుతాది?"

కట్టలు వేసినవాడు, అతనికి తెలియకుండా ఉంటుందా. రెండు వానలకు చేని నడుమ కాలువ పడుతుంది. నాలుగు వానలకు చేను వంకలో కలిసిపోతుంది.

"తాత కంటే రెండెకరాలు ఎక్కువా అవ్వా?" అన్నాడు. పగులు సంగతి మాత్రం ఎత్తలేదు.

సిద్ధమ్మ చేట పక్కన పెట్టింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. చెంబు నిండా నీళ్ళు ముంచుకుని వేపచెట్టు వెనక్కి నడిచింది. కంబగిరి వెంట నడిచాడు.

ఆమె దిబ్బ నెత్తిన సన్నటి ధారగా నీళ్ళు పోసింది. నీళ్ళు గచ్చు మీద ఎక్కడా ఆగలేదు. జారి జారి వంకవైపు అంచుకు చేరి, అక్కడ అన్నీ ఒక్కటై కిందికి దూకాయి. అవి పడిన చోట అప్పటికే జానెడు లోతు గాడి ఉంది. ఆ గాడి దిబ్బ అడుగుకు దూరి, కంటికి కనపడకుండా పోయింది. నీళ్ళు కూడా అందులోకే పోయాయి. లోపల ఎక్కడో పడుతున్న చప్పుడు వినిపించింది.

చెంబులో మిగిలిన నీళ్ళను సిద్ధమ్మ పక్కనున్న మామూలు నేల మీద పోసింది. అవి కాస్త దూరం పారి, ఇంకిపోయి, తడి మాత్రం మిగిలింది.

"గచ్చు బాగా వేసినావు నాయనా," అంది సిద్ధమ్మ. "ఒక్క చుక్క కూడా తాతకు అందలేదు."

అవ్వకు పగులు సంగతి ఎప్పటినుంచో తెలుసని కంబగిరికి అప్పుడు అర్థమైంది. ఆమె గొంతులో కోపం లేదు. అదే అతనికి ఎక్కువ కష్టంగా ఉంది.

"కట్ట వేద్దువులే," అంది ఆమె. "ముందు వంకలోకి దిగి, ఆ గోడలో మన్ను ఎన్ని వరసలుగా ఉండాదో చూడు. వరసకొక పిడికెడు తీసుకొచ్చి నా ముందర పెట్టు. అడుగు నుంచి మొదలుపెట్టు."

మధ్యాహ్నానికి కంబగిరి వంక అడుగున ఉన్నాడు. పంచె ఒడిలో ఆముదపాకులు, చేతిలో చిన్న గునపం. ఇన్నేళ్ళుగా ఆ గోడను పైనుంచే చూశాడు, ఎంత ముందుకొచ్చిందా అని. కిందినుంచి తలెత్తి చూడటం ఇదే మొదలు. మూడు నిలువుల ఎత్తు. అడుగున గుండ్రటి గులకరాళ్ళు, కోడిగుడ్డంత, కొన్ని అంతకన్నా పెద్దవి. వాటి మీద జేగురు రంగు ఎర్రమన్ను. దాని పైన పసుపు ఇసుక. ఆ పైన పాలలాంటి సుద్ద, గోరు పెడితే దిగేంత మెత్తన.

"గోడను గోకుతాండావే, అది నీకేం చేసిందప్పా?"

సుంకమ్మ. రెండు మేకలను తోలుకుని సందులోంచి వచ్చింది. మొగుడు పోయి పదేళ్ళు, ఆ రెండెకరాల మీదే బతుకుతోంది. నోరు మంచిది కాదని పేరు. అది నిజమేనని ఆమె కూడా ఒప్పుకుంటుంది.

"అవ్వ చెప్పింది," అన్నాడు కంబగిరి గోడవైపే చూస్తూ.

"నా చేనిలోకి నీళ్ళు తిప్పమని కూడా అవ్వే చెప్పిందా?"

అతను గునపంతో ఇంకాస్త సుద్ద గీకాడు.

"మా ఆయన బతికున్నన్నాళ్ళూ మొక్కని దేవుడు లేడు, చేనికి నీళ్ళు రాలేదు. నువ్వు మొక్కకుండానే తెస్తాండావు. ఎంత మంచోనివి."

"మఠం నేల ఉంది గదా సుంకమ్మా. అవ్వతో చెప్పి నీ చేనికి బదులు అందులో ఇప్పిస్తాను."

"నీళ్ళను తిప్పినట్లే నన్ను కూడా తిప్పుతావా?" అంది ఆమె. ఒక మేక అతని ఆముదపాకు లాగబోతే దాని చెవి పట్టి అవతలికి నెట్టింది. తర్వాత కొంచెం దూరంలో ఉన్న మన్నుస్తంభం వైపు గడ్డం ఎత్తి చూపించింది. దాని నెత్తిన గంప బోర్లించినట్టు ఒక బండ ఉంది. "దాన్ని చూసే గదా నీకు తాతకు టోపీ పెట్టాలనిపించింది?"

"ఆ రాయి లేకుంటే ఆ మాత్రం కూడా మిగలదు."

"మా మామ చెప్పేటోడు. ఆయన చిన్నప్పుడు ఆ రాయి కింద ఎద్దులబండి అంత మన్ను ఉండేదంట. ఇప్పుడు చూడు, రోకలంత ఉండాది. రాయి మాత్రం అదే రాయి."

మేకలు ముందుకు పోయాయి. సుంకమ్మ వాటి వెంట పోతూ వెనక్కి తిరిగింది. "వాన రేపో ఎల్లుండో వచ్చాది. నీ కట్ట అట్లే ఉంటే పార తీసుకొచ్చి నేనే పగలగొడతాను. అప్పుడు నన్ను అనొద్దు."

కంబగిరి కాసేపు ఆ స్తంభాన్నే చూస్తూ నిలబడ్డాడు. మళ్ళీ గునపం అందుకున్నాడు.

పొద్దు వాలుతుండగా సిద్ధమ్మ ముందు ఏడు ఆముదపాకులు వరసగా పరిచాడు. ఆకుకో పిడికెడు.

ఆమె మొదటి ఆకును వేలితో తాకింది. "ఇదేంది?"

"గులకరాళ్ళు అవ్వా. ఇక్కడ ఒకప్పుడు పెద్ద ఏరు పారింది. వడి లేకుంటే ఇంత రాయి దొర్లదు."

"ఇది?"

"ఎర్రమన్ను. పడమటి కొండది. ఆ కొండ మీద తప్ప ఈ రంగు లేదు."

"ఇది?"

"సుద్ద. ఇది నిలిచిన నీళ్ళలోనే పడుతుంది. చానా ఏండ్లు ఇక్కడ చెరువు ఉండింది. ఎవరూ కట్టని చెరువు." చెబుతూ చెబుతూ కంబగిరికి తెలియకుండానే గొంతు మారింది. తన విద్య గురించి మాట్లాడేటప్పుడు మనిషి నిటారుగా కూర్చుంటాడు. అలా కూర్చున్నాడు.

అయిదో ఆకు దగ్గర ఆగాడు. నల్లటి బూడిదలాంటి మన్ను. అందులో ఒక కుండపెంకు, గోరంత.

"ఇది పొయ్యి అవ్వా. ఎవరో ఇక్కడ వండుకున్నారు. దీని మీద ఒక నిలువు మన్ను పడింది. అంటే ఆ రోజుల్లో వాళ్ళు నడిచిన నేల ఇదే. ఇదే పైనేల."

"ఎవరు వాండ్లు?"

"ఎవరికి తెలుస్తాది."

"వాండ్లు తల్లినీ తండ్రినీ యాడో ఒకచోట పూడ్చుకోనుంటారు గదా."

సిద్ధమ్మ మళ్ళీ రెండో ఆకు దగ్గరికి వచ్చింది. ఎర్రమన్నును చిటికెడు తీసి అతని అరచేతిలో పెట్టింది.

"ఇది కొండ మీద ఉండాల్సింది గదా. ఈడికెట్లొచ్చింది?"

"వాన కోసి తెచ్చింది."

"కొండకేమైంది?"

"తరిగింది."

"తరిగి?"

కంబగిరి అరచేతిలోకి చూసుకున్నాడు. తాను కూర్చున్న నేలకేసి చూశాడు. అరుగుకు అలికిన ఎర్రమన్ను, గోడకు పూసిన తెల్లసుద్ద, అన్నీ ఆ ఏడు ఆకుల్లో ఉన్నవే. అయినా అతని మొండితనం కరగలేదు. కరగకపోవడానికి కారణం వేరే ఉంది, ఇంతవరకు అతని నోట రాలేదు.

"అవ్వా, తాత కోసమని చెప్పినాను. తాతను నేను చూసింది కూడా లేదు." అరచేతిలోని ఎర్రమన్నును తిరిగి ఆకులో పోశాడు. "ఆ దిబ్బలో మా నాయన పిడికిళ్ళుండాయి. మా నాయనను కాల్చినాము. బూడిద ఏట్లో కలిపినాము. ఆయన చెయ్యి పెట్టిన మన్ను ఆ తూర్పుపక్క ఒక్కటే మిగిలింది. అది కూడా పోతే నాకు ఆయన యాడా లేడు."

వేపచెట్టు మీద కాకులు సర్దుకుంటున్నాయి.

"ఆ పక్క చూసి ఎన్నాళ్ళయింది?" అంది సిద్ధమ్మ.

గచ్చు వేసి మూడేళ్ళు దాటింది.

మర్నాడు పొద్దున్నే ఉలి, సుత్తి తీసుకుని దిబ్బ తూర్పువైపు కూర్చున్నాడు. నూరేళ్ళు ఉంటుందన్న గచ్చు మూడు దెబ్బలకు పెచ్చుగా ఊడింది. వెనక మన్ను వంకవైపు సగం జారిపోయి ఉంది గాని, తూర్పు పక్క ఇంకా నిలిచే ఉంది. పైపైన జారిన మన్ను చేత్తో తుడిచాడు.

తెలుపు. దాని మీద సన్నటి ఎర్రగీత. మళ్ళీ తెలుపు, మళ్ళీ ఎర్రగీత. తండ్రి పిడికెడు, అవ్వ చల్లిన ఎర్రనీళ్ళు, తండ్రి పిడికెడు, అవ్వ చల్లిన ఎర్రనీళ్ళు. ఏడాది మీద ఏడాది, నేల నుంచి నడుమెత్తు దాకా.

కంబగిరి ముందుకు వంగాడు. అడుగున ఉన్న తెల్లచారలు వేలి మందాన ఉన్నాయి. పైకి వచ్చేకొద్దీ సన్నబడ్డాయి. అన్నిటికంటే పైది దారంలా ఉంది, అది కూడా నడుమ తెగి. తండ్రి చెయ్యి అతనికి గుర్తొచ్చింది. ఒకప్పుడు గంపెడు మన్ను ఒక్క ఊపున నెత్తికెత్తిన చెయ్యి. ఆఖరు రోజుల్లో చెంబు పట్టుకుంటే వణికిన చెయ్యి.

సగం ఎత్తులో ఒకచోట తెలుపు లేదు. రెండు ఎర్రగీతలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. వేలు పెట్టి మళ్ళీ చూశాడు. లేదు.

సిద్ధమ్మ ఎప్పుడు వచ్చిందో వెనక నిలబడి ఉంది.

"ఆ ఏడు మీ నాయన రాలేదు," అంది. "నువ్వు ఇంట్లో అలిగి, ఎవరో కట్టపనుల మేస్త్రీ వెంబడి పోయినావంట గదా."

కంబగిరికి అప్పుడు పదిహేడేళ్ళు. ఎనిమిది నెలలు తిరిగి, తనంతట తనే ఇల్లు చేరాడు. తండ్రి గడపలో కూర్చుని ఉన్నాడు. 'వచ్చినావా, కాళ్ళు కడుక్కో' అన్నాడు. అంతకంటే ఒక్క మాట లేదు. తనను ఎవరూ వెతకలేదని కంబగిరి ఆనాటి నుంచి మనసులో పెట్టుకున్నాడు. తండ్రి పోయే రోజున కూడా అది లోపల ఎక్కడో ఉంది.

"ఆరాధన పూట కూడా ఊళ్ళు పట్టి తిరుగుతానే ఉన్నాడు, నీ కోసం," అంది సిద్ధమ్మ. "తర్వాత ఏడు వచ్చి, పోయినేటిది కూడా కలిపి రెండు పిడికిళ్ళు పోస్తానన్నాడు. వద్దన్నాను. ఆ సందు అట్లే ఉండనీ అన్నాను."

ఆమె వెళ్ళిపోయింది. కంబగిరి ఆ రెండు ఎర్రగీతల మీద వేలు ఆనించి, ఎండ నడినెత్తికి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు. వంక కోసుకుంటూ వచ్చి ఉండకపోతే గచ్చు పగిలేది కాదు. గచ్చు పగలకపోతే ఇది కనపడేది కాదు.

మధ్యాహ్నం తిరిగాక పడమటి కొండలు కనపడకుండా పోయాయి. మబ్బు నల్లగా కాదు, ఇటుక రంగులో వచ్చింది. మొదటి చినుకులు పడేసరికి సుంకమ్మ భుజాన పార వేసుకుని, కొంగు నడుముకు చుట్టి, కట్ట దగ్గరికి వచ్చింది. దారి పొడుగునా ఏం తిట్టాలో కూడబలుక్కుంటూ వచ్చింది.

కట్ట మీద కంబగిరి ఉన్నాడు. రాళ్ళు పీకి అవతలికి దొర్లిస్తున్నాడు. అప్పటికే సగం విప్పేశాడు. వేళ్ళు చిట్లి నెత్తురు కారుతోంది.

సుంకమ్మ పార కింద పెట్టింది. "ఇన్ని తిట్లు కూడబెట్టుకొచ్చినాను. ఇప్పుడు వాటిని ఏం చేసుకోవాలప్పా?"

"రాయి పట్టు. తర్వాత తిడుదువులే."

ఇద్దరూ కలిసి అడుగురాళ్ళు పీకేసరికి వాన కమ్ముకుంది. నీళ్ళు వచ్చాయి. మోకాలెత్తున, ఎర్రగా, కొమ్మలనూ రాళ్ళనూ దొర్లించుకుంటూ వచ్చి, తమ పాత దారినే వంకలోకి దూకాయి. సుంకమ్మ చేను గట్టు తడిసింది, అంతే.

కంబగిరి వేపచెట్టు దగ్గరికి పరుగెత్తలేదు. నడిచి వెళ్ళాడు. అరుగు మీద సిద్ధమ్మ తన గొంగళి కప్పుకుని కూర్చుని ఉంది. పక్కనే కూర్చున్నాడు. వంక అంచు ఒక్కో పెచ్చుగా విరిగి పడటం ఇద్దరూ చూశారు. మొదట గచ్చు ముక్కలు పడ్డాయి. తర్వాత దిబ్బ పడమటి సగం. ఆ తర్వాత కాసేపు ఏమీ జరగలేదు, వాన తగ్గినట్టే అనిపించింది. అప్పుడు తూర్పు పక్క మెల్లగా, మనిషి పక్కకు ఒరిగినట్టుగా ఒరిగింది. ఎర్రటి నీళ్ళలో తెల్లటి చార ఒకటి కాసేపు విడిగా పారింది. తర్వాత కలిసిపోయింది.

సిద్ధమ్మ చేతులు జోడించింది. కంబగిరి కూడా జోడించాడు.

కార్తీకం వచ్చింది. మొదటి సోమవారం పొద్దున ఊళ్ళ నుంచి జనం పిడికిళ్ళు మూసుకుని వచ్చారు. వేపచెట్టు వెనక్కి పోయి చూస్తే దిబ్బ లేదు, దిబ్బ ఉన్న నేల కూడా లేదు. ఖాళీ ఆకాశం, కింద వంక. ఆడవాళ్ళు కొందరు ఏడ్చారు. చౌడుపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "గచ్చు వేసినారు గదా, ఎట్ల పోయింది?" అన్నాడు.

కంబగిరి ముందుకు వచ్చాడు. "గచ్చు వేసినందువల్లనే తొందరగా పోయింది. వేసింది నేను. మూడేండ్లు మీరు పోసిన మన్నును ఊడ్చి వంకలో పోసింది కూడా నేనే," అన్నాడు.

అందరూ పిడికిళ్ళు మూసుకునే ఉన్నారు. ఎక్కడ పోయాలో తెలియక సిద్ధమ్మ వైపు చూశారు.

ఆమె తన పిడికెడు ఎర్రమన్ను తీసుకుని, చెప్పులు విడిచి, వంకలోకి దిగే దారి పట్టింది. డెబ్బై దాటిన మనిషి, ఒక్కో అడుగూ చూసి వేస్తోంది. వెనక జనం. కొత్తగా తెగిన గోడల నడుమ, గులకరాళ్ళ మీదుగా, రాయి నెత్తిన పెట్టుకున్న స్తంభం పక్కగా నడిచి, వంక నోరు తెరుచుకునే చోటికి వచ్చారు.

అక్కడ ఎప్పుడూ రాళ్ళు తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు కొత్త ఒండ్రు పరుచుకుని ఉంది. జానెడు మందాన, నున్నగా, పైన ఎండకు చిన్న చిన్న పలకలుగా పగిలి. ఒక పలక అంచు పైకి లేచిన చోట లోపల సన్నగా ఎరుపు, నలుపు, తెలుపు.

సుంకమ్మ ముందే అక్కడ ఉంది. కొంగులోంచి ఏవో గింజలు తీసి చల్లుతోంది. "ఉలవలు," అంది ఎవరూ అడగకముందే. "నాలుగు రోజుల కింద ఆ కొస చల్లినాను. కొత్త మన్ను, ఊరికే ఇడిచిపెడతామా?"

సిద్ధమ్మ వంగి తన పిడికిలి విప్పింది. ఎర్రమన్ను ఒండ్రులో పడింది. ఒక్కొక్కరే వచ్చి, ఎవరికి తోచిన చోట వాళ్ళు పోశారు. ఇక్కడ ఎవరి చోటూ లేదు.

కంబగిరి చివరిదాకా నిలబడే ఉన్నాడు. చౌడుపల్లె నుంచి తమ్ముడు పంపించిన తెల్లమన్ను చెమటకు తడిసి చేతిలో ముద్దయింది. పగిలిన ప్రతి పలక అంచునూ చూస్తున్నాడు. ఎక్కడా ఆగక, వంగి వంగి చూస్తూ, సుంకమ్మ చూపించిన కొస దాకా వచ్చాడు.

"అవ్వా," అన్నాడు తల ఎత్తకుండానే. "ఇందులో మా నాయన యాడుంటాడు?"

సిద్ధమ్మ అతని కాళ్ళకేసి చూసింది.

"మొలకలు తొక్కుతాండావు నాయనా," అంది. "కొంచెం పక్కకు నిలబడు."